చెంచులక్ష్మి చెప్పని సగం

నాకు కోపం ఎక్కువ. ముప్పై మూడేళ్ళు ఇంగ్లీషు గ్రామరు చెప్పినవాడికి కోపం లేదంటే, వాడు పిల్లల నోటుపుస్తకాలు తెరిచి చూడలేదని అర్థం. రిటైరై ఆరేళ్ళయినా నా కోపం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. బిట్రగుంటలో మా ఇంటి ముందు రేకుల వసారాలో సాయంత్రం పూట ట్యూషన్ చెబుతాను. హజరత్తయ్య సార్ దగ్గరికి పిల్లల్ని పంపేవాళ్ళు, “తిడితే తిట్టించుకోండి, ఎదురు మాత్రం చెప్పొద్దు” అని నేర్పించి మరీ పంపుతారట. అలాంటి నా వసారాకి ఒక జనవరి సాయంత్రం ఒకావిడ వచ్చి, మెట్టు కింద చెప్పులు విడిచి, ఎనిమిదో తరగతి పిల్లల వెనకాల చాప మీద కూర్చుంది.

ఎవరి తల్లో ఫిర్యాదుకు వచ్చిందనుకున్నాను. “ఏమ్మా, ఏ పిల్లవాడి సంగతి?” అన్నాను కొంచెం గట్టిగానే.

“పిల్లోళ్ళ సంగతి కాదు సార్. చదువుకొనేది నేనే,” అంది.

పేరు చెంచులక్ష్మి. వయసు ముప్పై ఆరు. ఊరు సముద్రం ఒడ్డున, బోగోలు దాటి షేర్ ఆటోలో అరగంట దూరాన ఉన్న ఒక పాలెం. ఆ పాలెం అంగన్‌వాడీలో పన్నెండేళ్ళుగా ఆయా. అంటే పొద్దున్నే వెళ్ళి ఊడ్చి, నీళ్ళు పట్టి, పప్పు వండి, గుడ్లు ఉడికించి, ఇళ్ళిళ్ళూ తిరిగి పిల్లల్ని చంకనేసుకొచ్చి కూర్చోబెట్టే మనిషి. టీచరు కావలి నుంచి రావాలి. ఆటో దొరక్కపోతే రాదు. రాని రోజు పాటలు, లెక్కలు, బొమ్మలు అన్నీ ఈమే. జీతం తేడా సంగతి అటుంచండి, టీచరనే పిలుపు మాత్రం లేదు. జూన్ నెలాఖరుకి ఆ టీచరు రిటైరవుతుంది. పదో తరగతి పాసై ఉంటే ఆయాకే ఆ పోస్టు ఇస్తామని ఆఫీసులో చెప్పారు. లేకపోతే బయటినుంచి ఎవరో వస్తారు.

చెంచులక్ష్మి చదువు ఏడులో ఆగిపోయింది. ఆమె ఓపెన్ స్కూల్లో పది కట్టి, లెక్కలూ సైన్సూ సోషలూ తెలుగూ ఒకదాని వెనక ఒకటి గట్టెక్కించింది. ఇంగ్లీషు మాత్రం రెండుసార్లు తప్పింది.

“కొత్తామె వస్తే ఏం?” అన్నాను, ఊరికే మనిషిని తెలుసుకుందామని.

ఆమె, “మా చిన్నబాబు అని ఒకడుండాడు సార్. మూడేళ్ళు. వాడు నా ఒళ్ళో తప్ప అన్నం తినడు. కావలి టీచరమ్మకు ఇన్నేళ్ళైనా వాడి మాదిరి పిల్లోళ్ళ పేర్లే తెల్దు,” అంది. ఇంకేమీ చెప్పలేదు. కావాలని గానీ, ఆశ అని గానీ, బాధ అని గానీ ఒక్క ముక్క అనలేదు. అప్పుడు నేనది గమనించలేదు.

పాఠం మొదలుపెట్టాం. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని చూస్తే ప్రతి ఏడూ తప్పకుండా ఒక ప్రశ్న ఉంది: ఈ రెండు వాక్యాలనూ సో, దట్ పెట్టి కలపండి. అది వస్తే ఐదు మార్కులు చేతిలో పడ్డట్టే. అదీగాక ఏదో ఒకదాన్ని వర్ణిస్తూ రాయమని పది మార్కులకు ఒక పేరా. ఆమె స్పెల్లింగుల సంగతి నాకు మొదటిరోజే తెలిసిపోయింది. ఈ పదిహేనూ రాబట్టకపోతే పాసు కష్టం.

నేను పాఠం ఎప్పుడూ నిమ్మకాయతోనే మొదలుపెడతాను. గూడూరులో పదకొండేళ్ళు పనిచేశాను. అక్కడ నిమ్మకాయలు లేకుండా ఏ ఉదాహరణా సాగదు. “చూడమ్మా, తెలుగులో మనం ఏమంటాం? నిమ్మకాయ ఎంత పుల్లగా ఉందంటే, కళ్ళు మూసుకుపోయాయి అంటాం. మొదటి సగంలో అది ఎలా ఉందో చెబుతాం. రెండో సగంలో దానివల్ల ఏమైందో చెబుతాం. ఇంగ్లీషువాడూ అంతే. ద లెమన్ వాజ్ సో సోర్ దట్ ఐ క్లోజ్డ్ మై ఐస్. ఆ సోర్ ఉందే, అది విశేషణం. సో దాని చెయ్యి పట్టుకుని నడుస్తుంది. దట్ తర్వాత వచ్చేది ఫలితం. వస్తువు పేరు కూడా పక్కనే పెట్టాలంటే అప్పుడు సో పనికిరాదు, సచ్ రావాలి. సచ్ అ సోర్ లెమన్ దట్ అనాలి.”

ఆమె పెదవులు కదుపుతూ రెండుసార్లు చెప్పుకుంది. మర్నాటికి అన్నం మీద ఒకటి, ఆటో మీద ఒకటి, కావలి టీచరమ్మ మీద ఒకటి రాసుకొచ్చింది. మూడూ ఒప్పే. ద రైస్ వాజ్ సో హాట్ దట్ ద చిల్డ్రన్ బ్లూ ఆన్ ఇట్. పదో తరగతి పిల్లలే బ్లో దగ్గర తప్పు రాస్తారు. నేను ఆమెను మెచ్చుకోలేదు, మెచ్చుకోవడం నాకు రాదు. కానీ ఆ రాత్రి భోజనం దగ్గర వాణితో, అంటే నా భార్యతో, అద్భుతమైన మనిషి అన్నాను.

“మీరు ఈ పులుసు కూడా అద్భుతం అన్నారు. రెండోసారి వడ్డించుకోలేదు,” అంది వాణి.

మొదటి పదిహేను రోజులూ ఇలా హాయిగా నడిచాయి. ఆ తర్వాత నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. తెలివైన ఆలోచనలతోనే నేను జీవితంలో ఎక్కువ తప్పులు చేశాను. ఈమె సముద్రం మనిషి కదా, నిమ్మకాయలూ ఆటోలూ ఎందుకు, ఆమెకు తెలిసిన సముద్రం మీదే రాయిద్దాం అనుకున్నాను. పది వాక్యాలు ఇచ్చాను. గాలి, అలలు, వల, చేప, పడవ. మొదటి సగంలో విశేషణం పెట్టాలి, రెండో సగం సొంతంగా పూర్తి చేయాలి.

మర్నాడు తెచ్చింది. రెండో సగాలన్నీ ముత్యాల్లా పూర్తి చేసింది. నలుగురు ఆడవాళ్ళు ఒక బుట్ట మోశారని ఒకటి. మా ఆయన మూడు రోజులు ఇంట్లో కూర్చుని వల కుట్టాడని ఒకటి. ఎనిమిది మంది తాడు లాగారని ఒకటి. కానీ సో పక్కన మాత్రం పదింటికి పదీ ఖాళీలే.

“ఇదేంటి?”

ఆమె తల దించుకుంది.

“బిగ్ తెలుసా తెలియదా? రఫ్ నిన్ననేగా చెప్పాను? హెవీ? స్ట్రాంగ్?”

“తెలుసు సార్.”

“తెలిస్తే రాయవేం?”

నాకు మండింది. తెలియక రాయనివాళ్ళతో నాకు గొడవ లేదు, తెలిసీ రాయనివాళ్ళతోనే. ఎర్ర పెన్ను తీసుకుని ఆరో ఖాళీలో రఫ్ అని నేనే కొట్టినట్టు రాశాను. ఆమె రాసిన రెండో సగం కూడా చప్పగా ఉందనిపించి, దాన్ని కొట్టేసి, ఇంకొకటి రాశాను. గట్టిగా చదివాను. “ద సీ వాజ్ సో రఫ్ దట్ ద బోట్ డిడ్ నాట్ కమ్ బ్యాక్. ఇదీ వాక్యమంటే. చెప్పు నా వెంట.”

పిల్లలందరూ నా మొహం చూస్తున్నారు. చెంచులక్ష్మి లేచింది. పుస్తకం మూసింది. అరుగు చివర బిందెలో నీళ్ళు ముంచుకుని మొహం కడుక్కుంది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఐదు రోజులు రాలేదు. మొదటి రెండు రోజులూ పొగరనుకున్నాను. మూడో రోజు పాఠం చెబుతూ ఆటో చప్పుడైనప్పుడల్లా రోడ్డు వైపు చూస్తున్నానని నాకే తెలిసింది. ఐదో రోజు వాణి అంది, “ఆ రోజు ఆమె మొగుడు ఎక్కడున్నాడో అడిగారా?”

“నాకెందుకు?”

“చేపల వేటకెళ్ళి ఉంటాడు. మీరు పడవ తిరిగి రాలేదని పిల్లలందరి ముందూ చదివారు. మీ కొడుకు మోటారు సైకిల్ మీద నెల్లూరు వెళ్ళిన రోజు ఎవరైనా ఇంటికొచ్చి, లారీ ఎంత జోరుగా వచ్చిందంటే అని మొదలుపెడితే, మీరు ఆ వాక్యం చివరిదాకా విని మార్కులేస్తారా?”

నేను ఇంగ్లీషు చదువుకున్నాను, చెప్పాను, ప్రశ్నపత్రాలు కూడా తయారు చేశాను. కానీ ఆ వాక్యంలో పడవ ఎవరిదో మాత్రం చూసుకోలేదు. సిగ్గేసింది. మర్నాడు పొద్దున్నే బయలుదేరి పాలెం వెళ్ళాను.

నేను చేరేసరికి పడవలు వస్తున్నాయి. ఇసుక మీద ఆడవాళ్ళు బుట్టలతో నిలబడి ఉన్నారు. ఒక పడవ వలను ఎనిమిది తొమ్మిది మంది లాగుతున్నారు, మెడనరాలు తేలుతున్నాయి. పక్కనే ఒక ముసలావిడ కూర్చుని ఉంటే, మాట కలుపుదామని “బాగా పడినట్టుందే చేప?” అన్నాను.

ఆమె నన్నోసారి చూసి, “కూరాకు దొరికింది సామీ,” అంది. అని ఇంటివైపు తిరిగి కేకేసింది. “ఒమ్మే, ఇంకో నాలుగు బుట్టలు ఎత్తుకొని రాండి!”

కూరకు సరిపడా చేపకు ఇంకో నాలుగు బుట్టలు దేనికో నాకు అర్థం కాలేదు. చేపలు కొనడానికి వచ్చినాయన వచ్చి అడిగాడు, సముద్రం ఎట్లుందని. పడవలోంచి దిగినతను చొక్కా పిండుకుంటూ, “నిన్న పొయ్యినోళ్ళం ఈ పొద్దు దిగినాం,” అన్నాడు. కొనేవాడికి అది చాలినట్టుంది, తలూపాడు. అక్కడ నిలబడ్డ అరగంటలో గాలి గురించి, అలల గురించి, చేప గురించి ఎంతమంది ఎన్ని మాటలు అనుకున్నారో. ఒక్కరి నోటా పెద్దదనీ, చిన్నదనీ, మంచిదనీ, చెడ్డదనీ రాలేదు. ఏం జరిగిందో చెబుతున్నారు. ఎలా ఉందో చెప్పడం లేదు. నా ట్యూషన్‌కి ఐదు రోజులుగా రాని మనిషి నోటుపుస్తకం మొత్తం ఆ ఒడ్డున నడుస్తోంది.

ఆ ముసలావిడే పోలమ్మ, చెంచులక్ష్మి అత్తగారు. నేనెవరో తెలిశాక కూర్చోవడానికి వల మడత చూపించింది. నేను సిగ్గు విడిచి అడిగాను.

“మాలో అంతే సామీ,” అంది. “పడవ సముద్రం లోపల ఉండంగా దాన్ని ఏమీ అనకూడదు. పెద్దది అంటే ఇంకా పెద్దదైపోతాది. మంచిది అంటే మాట నిలబెట్టుకోదు. చేపనీ అనం, గాలినీ అనం, పొయ్యే మనిషిని గూడా అనం. నేను మా ఆయన్ని ఒకనాడన్నా మంచోడు అని ఎరగను. చెప్పుకోవాల్సింది ఉంటే జరిగిపొయ్యింది చెప్పుకుంటాం. జరిగిపొయ్యిందాన్ని ఎవురూ ఏం చెయ్యలేరు గదా.”

“పడవ తిరిగొచ్చిందా ఆ రోజు?” అని అడిగాను.

“వొచ్చింది లే. ఆడ చొక్కా పిండుకుంటా ఉండేది వాడే.”

అతనే పెంచల్, చెంచులక్ష్మి మొగుడు. అతనికి ఏ సంగతీ తెలియదు. నన్ను చూసి నవ్వి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని దణ్ణం పెట్టాడు. అంగన్‌వాడీ దగ్గర చెంచులక్ష్మి గుడ్లు ఒలుస్తోంది. నేను గుమ్మంలో నిలబడి, “తప్పు నాదమ్మా. రేపు రా,” అన్నాను. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఎవరికీ చెప్పని మాట అది. ఆమె లేచి నిలబడింది. “సరే సార్,” అని నా చేతిలో ఒక గుడ్డు పెట్టింది. తినేదాకా ఊరుకోలేదు.

నేను ఇవి నమ్మేవాణ్ణి కాను. ఆ సంగతి ఆమెకూ చెప్పాను. మిగతా పాఠాలన్నీ మళ్ళీ నిమ్మకాయల మీదా, రైళ్ళ మీదా నడిపాను. టూ, టు పెట్టి రాసే వాక్యాలు కూడా నేర్పాను. ద బ్యాగ్ ఈజ్ టూ హెవీ టు లిఫ్ట్ అంటే, ఎత్తలేనంత బరువు. ఇంత చిన్న టూ అనే మాటలో ఆ లేనంత అనేది దాక్కుని ఉందని చెబితే, మా మాదిరే అని నవ్వింది.

మార్చిలో పరీక్ష రాసింది. నా దురదృష్టమో, ప్రశ్నపత్రం తయారుచేసినవాడి దురదృష్టమో, కలపమన్న ఐదు వాక్యాల్లో నాలుగు సముద్రమే. పేరా కూడా సముద్ర తీరంలో ఒక రోజు. పెంచల్ అప్పటికి రెండు రోజులుగా సముద్రం లోపలే ఉన్నాడు. ఫలితం ఫోనులో చూపించింది. ఇరవై తొమ్మిది. ముప్పై ఐదు వస్తే పాసు.

“ఖాళీలు వదిలేశావా?”

“వదిలేసినా సార్.”

“నాలుగు మాటలమ్మా! కాగితం మీద! ఎవరు చూడొచ్చారు?” నాకు కోపం ఆగలేదు. ఈసారి కోపం ఆమె మీద కాదు, ఎవరి మీదో తెలియదు.

“కాగితం మీదైనా రాసేది నా చెయ్యే గదా సార్,” అంది. “రాస్తే ఏమీ జరగదని నాకూ తెలుసు. కానీ రాసేసి ఇంటికి పోతే, ఆయన వొచ్చిందాకా నాకు అన్నం దిగదు. ఇప్పుడు ఒక్క పూట దిగల్యా, అంతే.”

తప్పినవాళ్ళకు మళ్ళీ జూన్‌లో పరీక్ష ఉంటుంది. టీచరు రిటైరయ్యేది ఆ నెలలోనే. అది కూడా తప్పితే ఇక ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఆ రోజు మాత్రం ఆమె మొహం చూస్తే నాకు జాలేసింది. వాణి కాఫీ ఇచ్చి, పక్కన కూర్చుని, ఆమె జడ విప్పి మళ్ళీ అల్లింది.

ఏప్రిల్ పదహారో తేదీ పొద్దున్నే చెంచులక్ష్మి ఎవరో తరుముకొచ్చినట్టు వచ్చింది. “సార్, పడవలన్నీ గట్టెక్కినాయి!” అంది. నాకు వెంటనే తట్టలేదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు ఏటా అరవై ఒక్క రోజులు వేట ఆపేస్తుంది. నిన్నటి నుంచి మొదలైంది. జూన్ పద్నాలుగు దాకా ఒక్క పడవ నీళ్ళలో దిగదు.

“లోపల మనోళ్ళు ఎవురూ లేరు సార్. ఇంక దాన్ని ఏమైనా అనొచ్చు!”

ట్యూషన్‌ను రెండు నెలలు పాలేనికే మార్చాను. బోర్లించిన పడవ నీడలో చెంచులక్ష్మి, చుట్టూ పనిలేని మగవాళ్ళు, చేపలేని ఆడవాళ్ళు. ఆమె నోట విశేషణాలు తూము తీసినట్టు వచ్చాయి. బిగ్, రఫ్, డీప్, డార్క్, సాల్టీ. ద క్యాచ్ వాజ్ సో బిగ్ దట్ ఎయిట్ పీపుల్ పుల్డ్ ద నెట్ అని ఆమె గట్టిగా చదివి, దాన్ని తెలుగులో చెబితే, ఎనిమిది కాదు పది మందిమని వెనకనుంచి ఎవరో సరిదిద్దారు. ఏళ్ళ తరబడి లోపల దాచుకున్నవన్నీ ఒక్కొక్కరూ బయటపెట్టారు. ఏ ఏడు గాలి ఎంత చెడ్డదో, ఏ చేప ఎంత పొడుగో. పోలమ్మ కూడా నా దగ్గరికొచ్చి, “దానికి తగ్గ మాట ఇంగిలీషులో ఒకటి చెప్పు సామీ,” అంది. ఆలోచించి క్రూయెల్ అన్నాను. ఆమె సముద్రం వైపు తిరిగి, పళ్ళులేని నోటితో ఆ మాట మూడుసార్లు అని, కడుపారా నవ్వింది. ఆమె మొగుడు సముద్రంలోనే పోయాడని నాకు తర్వాత తెలిసింది.

చదువు బాగా కుదిరింది. ఇక పాసవుతుందని నాకు నమ్మకం వచ్చాక పరీక్షల టైంటేబుల్ వచ్చింది. ఇంగ్లీషు జూన్ పదిహేను.

వేట తెరిచే రోజు. రెండు నెలలు ఎవరూ ముట్టని సముద్రం, చేప ఒడ్డు దగ్గరికే వచ్చి ఉంటుంది. ఆ పొద్దున నీళ్ళలో దిగని పడవ తీరం పొడుగునా ఒక్కటి ఉండదట. అరవై ఒక్క రోజులూ ఇంటిల్లిపాదీ ఆ పొద్దు కోసమే కాసుకుని ఉంటారు. నేను టైంటేబుల్ చూసి తలపట్టుకున్నాను. ఎవరిని తిట్టాలో తెలియక టైంటేబుల్‌నే తిట్టాను.

చెంచులక్ష్మి మాత్రం, “సముద్రం రాకపోతే రాస్తా సార్. వొస్తే వదిలేస్తా. నా రాత అట్టుండాది,” అంది. పెంచల్‌కి చెప్పావా అంటే, ఎందుకు చెప్పేది అంది.

పదిహేనో తేదీ కావలిలో పరీక్ష. ఇంట్లో కాలు నిలవక నేనూ రైలెక్కి వెళ్ళాను. అప్పటికే గంట కొట్టి అందరూ లోపలికి వెళ్ళిపోయారు. స్కూలు గేటు బయట, గోడ నీడలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త ప్యాంటు ముడతలు పడకుండా గొంతుక్కూర్చున్న మనిషిని చూసి ఎక్కడో చూశాననుకున్నాను. దగ్గరికి వెళితే పెంచల్.

“నువ్వేంటయ్యా ఇక్కడ? ఈ రోజు వేట కదా!”

లేచి నిలబడ్డాడు. “తెల్లారుజామున అందరూ పొయ్యినారు సార్. నేను తాడు ఇప్పలా. ఆమెను బండి మీద తీసుకొచ్చినా.”

“ఆమె అడిగిందా?”

“ఆమె యాడ అడగతాది సార్? అడిగే మనిషైతే మూడుసార్లు ఎందుకు తప్పుతాది? మా అమ్మ చెప్పింది, ఆ పొద్దు మార్చిలో ఎందుకు రాయలేకపోయిందో.” చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా జేబు సవరించుకున్నాడు. “పడవ గట్టున ఉండాది. ఇంక ఆమె ఇష్టం సార్, ఏం రాసుకున్నా.”

“తొలిరోజు చేప పోయిందే నీకు.”

“రేపు గూడా సముద్రం ఆడనే ఉంటాది గదా,” అన్నాడు.

అతని పక్కన నేనూ గోడకానుకుని కూర్చున్నాను. మూడు గంటలు. నాకు ఏమైనా చెప్పాలనిపించింది. అద్భుతమనో, గొప్పవాడివనో. నోటిదాకా వచ్చిన ప్రతి మాటా మింగేసి, రెండు టీలు తెప్పించాను.

గంట మోగింది. చెంచులక్ష్మి బయటికొచ్చింది. వేళ్ళ నిండా ఇంకు. నేను ఎదురెళ్ళి, “సముద్రం వచ్చిందా?” అన్నాను.

“రాల్యా సార్. టీ వొచ్చింది, ఏనుగు వొచ్చింది, వాన వొచ్చింది. సముద్రం అసలు రాల్యా!”

పెంచల్ ఒక్క క్షణం నోరు తెరిచి, ఆ తర్వాత పగలబడి నవ్వాడు. “టీ కోసం పడవ ఆపినానంటే మా తమ్ముడు నన్ను చంపతాడు,” అన్నాడు. ముగ్గురం రోడ్డు మీద నిలబడి నవ్వాం. ఆమె పాసైంది, యాభై రెండు మార్కులతో. జూలై నుంచి ఆ అంగన్‌వాడీకి టీచరు ఆమే. అది తర్వాత సంగతి, ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నాకు చెప్పాలని ఉన్నది ఆ మార్కుల గురించి కాదు.

“పేరా దేని మీద ఇచ్చారు?” అని అడిగాను.

ఆమె పెంచల్ వైపు చూసింది. పెంచల్ బండి తీయడానికి కొంచెం అవతలికి వెళ్ళాడు. “మీ ఇంట్లో ఒక మనిషి గురించి రాయమన్నారు సార్,” అంది. “ఈయన గురించి రాసినా. ఆఖరు వాక్యం చెప్పనా, తప్పేమో చూడండి.” అని, కళ్ళు నేలమీద పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ ఇంగ్లీషులో చెప్పింది. “మై హస్బెండ్ ఈజ్ సో గుడ్ దట్ అవర్ బోట్ ఈజ్ ఆన్ ద షోర్ టుడే.”

నేను తప్పు వెతకలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవడానికి కళ్ళజోడు తీసి తుడిచాను.

పెంచల్ బండి తోసుకుంటూ వచ్చాడు. “హస్బెండ్ అన్నట్టు ఇనపడింది? నా గురించా? ఏం రాసినావే?”

“మన పడవ ఈ పొద్దు గట్టున ఉండాదని రాసినా.”

“అంతేనా?”

“అంతే.”

అతను నమ్మకం లేనట్టు నా వైపు తిరిగాడు. “అంతేనా సార్?”

ఎదుటివాడు సగం వాక్యం చెబితే ఊరుకునే మనిషిని కాను నేను. చెంచులక్ష్మి నా కళ్ళలోకి చూసింది.

“అంతేనయ్యా,” అన్నాను. తెల్లారితే అతను వేటకు పోవాలి.